ఉమ్రి ఇంజను, ఐదు బొట్లు

సెప్టెంబరు 3, బుధవారం

ఉమ్రి నుంచి ఇప్పుడే వచ్చాను. ప్యాసింజరు ముద్ఖేడ్‌లో చాలాసేపు ఆగింది. కిటికీ పక్క సీటే, కానీ ఎడమ కన్నుతో చూస్తే పొలాల మీద పాలు ఒలికినట్టుంది. శుక్లం ముదిరిందట. ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందామని డాక్టరు మళ్ళీ ఫోన్ చేయించాడు. బొమ్మ అయ్యాక, అన్నాను.

ఈ రోజు గీసింది: పాత ఆవిరి ఇంజను గవర్నరు. రెండు ఇనుప గుండ్లు, వాటిని మోసే రెండు చేతులు. ఇంజను వేగం పెరిగితే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి. ఇంజను తనను తాను పగలగొట్టుకోకుండా కాపాడే వస్తువు. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. పోయి నాలుగేళ్ళు.

సెప్టెంబరు 5, శుక్రవారం

చిత్రకళా ప్రదర్శన గురించి పేపర్లో వేశారు. బహుమతి తీసుకున్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, దండ వేసినవాడి పేరు. చివరి వాక్యంలో ‘ఒక వృద్ధ వ్యాపారి గీసిన పాత వాహనాల చిత్రాలు కూడా ఆకట్టుకున్నాయి’. సంతలో ఎద్దుకు కూడా పేరు అడుగుతారు.

బహుమతి నిర్ణయించింది ఒక డ్రాయింగ్ ప్రొఫెసరు. జుట్టు వెనక్కి ముడి, మెడలో పూసలు. నా రోడ్ రోలర్ బొమ్మ ముందు ఆగి మరాఠీలో అన్నాడు — బాగుంది కాకా, కానీ ఇది ఫోన్ చేసే పనే కదా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

చెప్పాల్సిన మాట ఇంటి మెట్లెక్కుతుంటే వచ్చింది. ఫోను ఒక్కసారి చూసి ఊరుకుంటుంది. నేను ఆ రోలర్‌ను ఒక ఎండాకాలమంతా చూశాను. దాని ముందు చక్రం మీద తారు ఎక్కడ పెచ్చులు కట్టిందో, డ్రైవరు మోకాలు తగిలి ఎక్కడ రంగు అరిగిందో నాకు తెలుసు. ఆ ప్రొఫెసరు తన పెళ్ళాం ముఖాన్ని అంతసేపు చూసి ఉండడు.

రాశాక కొంచెం తేలిక. కొంచెమే.

సెప్టెంబరు 9, మంగళవారం

తమ్ముడు విఠల్ బయటికి రాలేదు. ఎప్పటిలాగే. ఇంజను ఉన్న పత్తి ప్రెస్సు ఆవరణలోనే వాడి ఇల్లు. కిటికీ తెర కదులుతుంది, మనిషి కనిపించడు. తుక్కు కొన్న కంట్రాక్టరు తరఫున కాపలా ఉన్న మహబూబ్ నాకు గేటు తీస్తాడు, స్టూలు వేస్తాడు.

నాన్న ఆ పత్తి ప్రెస్సు కొనేనాటికే ఇంజను పాతది. పంపకాల్లో నాకు నాందేడ్‌లోని బెల్టుల దుకాణం, తమ్ముడికి ప్రెస్సు. పెద్దవాణ్ణి గనక మొదట నేను కోరుకున్నాను. అందులో తప్పేముందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే ముఖం తిప్పుకున్నారు.

అన్నదమ్ములు రాజ్యాల కోసం కొట్టుకున్న కథలు చాలా చదివాను. మాది రేకుల షెడ్డు. గెలిచినా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఆ జాగా ప్లాట్లు అవుతోంది. ఇంజను తుక్కు కింద పోతోంది. నాకు ఒక్క మాట చెప్పలేదు. మహబూబ్ దుకాణానికి పాత బెల్టు ముక్క కోసం వచ్చి, మాటల్లో చెబితే తెలిసింది.

నా భార్య సులోచన పోయిన పదో రోజున విఠల్ అందరి ముందూ అన్న మాట — “ఇంజన్ బొమ్మ గీస్తనన్నవు. దానికి ఒక్కనాడన్న నూనె పోసినవా అన్నా?” గోదావరి ఒడ్డున, పిండాలు పెట్టిన చోట. కాకుల కోసం చూస్తున్న బంధువులంతా నా వైపు చూశారు. ఆనాటి నుంచి మాటల్లేవు.

సెప్టెంబరు 10

కొడుకు నా పుస్తకాలు అటక మీదికి ఎక్కించాడు. చెదలు పట్టకుండా అట.

సెప్టెంబరు 14, ఆదివారం

బొమ్మలో ఇంజను దాదాపు వచ్చింది. పెద్ద చక్రం, దాని తాళ్ళ గాడులు, కనెక్టింగ్ రాడ్, ఇత్తడి నూనె గిన్నెలు ఊడదీసిన రంధ్రాలు. ఊడదీశారు కాబట్టి రంధ్రాలే గీశాను. ఎదురుగా లేనిది నేను గీయను. జ్ఞాపకం నుంచి గీసేవాడు వస్తువును గీయడు, తన ముచ్చటను గీసుకుంటాడు. ముద్ఖేడ్ జంక్షన్ పక్కన తుప్పుపట్టిన బొగ్గు రైలింజనుకు కూడా లేని గంట పెట్టలేదు. నైజాం నాటి ముక్కు బస్సుకు లేని అద్దం పెట్టలేదు.

తెల్ల రంగూ వాడను. మెరుపు ఉన్నచోట కాగితాన్ని ముట్టకుండా వదిలేస్తాను. తెలుపంటే నేను ఏమీ చేయని చోటు.

మిగిలింది ఒక్కటే. సిలిండరు గోడవైపు. అక్కడికి పోవాలంటే పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నడవాలి. సిలిండరు మీది రేకు తొడుగుపై సులోచన పెట్టిన బొట్లు.

దసరా ముందు రోజు, ఖండే నవమి నాడు యంత్రాలకు పూజ. ముందువైపు బొట్లు పెట్టే హక్కు అమ్మది. కొత్త కోడలికి గోడవైపు మిగిలింది. సులోచనది ఎడమచేతి వాటం. పూజ కుడిచేత్తోనే చేయాలని అమ్మ పట్టు. అందుకే ఆ ఐదు బొట్లు ఎప్పుడూ వంకర, చివరిది జారి కిందికి పోయేది. మరుసటి ఏడు మళ్ళీ వాటి మీదే పెట్టేది. ప్రెస్సు మూతపడ్డాక కూడా, నాకూ విఠల్‌కూ మాటలు సరిగా లేని ఏళ్ళలో కూడా, ఆ ఒక్కరోజు తను ఉమ్రి వెళ్ళి పెట్టి వచ్చేది. నూనె, పత్తి దుమ్ము, కుంకుమ — ఒకదాని మీద ఒకటి గట్టిపడి పెచ్చు కట్టింది. నల్లరేగడి ఎండి పగిలినట్టు పగుళ్ళు. తను పోయాక అక్కడ ఎవరూ కొత్తగా పెట్టలేదు. విఠల్ భార్య చక్రానికి పెడుతుంది.

నలుపులో ఎరుపును పెన్సిలుతో ఎట్లా చెప్పాలి? అందుకే చివరికి ఉంచుకున్నాను. చేయి కుదురుకోవాలి.

సెప్టెంబరు 17, బుధవారం

మరాఠ్వాడా ముక్తి దినం. జెండా, లౌడ్ స్పీకర్లు, వాన. బయటికి పోలేదు. పాత కాగితం మీద పగుళ్ళు సాధన చేశాను. సిక్స్ బీ పెన్సిలు మరీ మెత్తన. ఫోర్ హెచ్‌తో గీరి, దాని మీద టూ బీ రుద్దితే కొంత దగ్గరికి వస్తోంది.

సెప్టెంబరు 22, సోమవారం

నవరాత్రులు మొదలు. కోడలు శోభ ఘటం పెట్టింది, మట్టిలో జొన్నలు చల్లింది. నేను దేవుడి గదిలోకి పోను. సులోచన ఉన్నప్పుడు కూడా పోలేదు. ఒక్క పనికి మాత్రం ఒప్పుకునేవాణ్ణి — నవమి నాడు నా పెన్సిళ్ళు పూజలో పెట్టడం. ఆ రోజు గీసేవాణ్ణి కాదు. నమ్మకం కాదు. తను అడిగిన కొద్ది విషయాల్లో అదొకటి.

సెప్టెంబరు 25, గురువారం

రోజూ వాన. షెడ్డులో పగలే చీకటి, గోడవైపు ఏమీ కనిపించదు. తొడుగు మీద చేయి పెట్టి చూశాను. పెచ్చు గరుకుగా తగిలింది. ఉంది. రేపో ఎల్లుండో వెలుతురు వస్తే చాలు.

సెప్టెంబరు 30, మంగళవారం

నాలుగు రోజులు జ్వరం. ఈ రోజే లేచాను. మహబూబ్‌కు ఫోన్ చేశాను, కోత ఎప్పుడని.

“దసరా నాడు షురూ చాచా. మీ భాయ్ సాబే చెప్పిండు, అది మంచి దినం అని.”

మరి రేపు?

“రేపు నవమి గదా. కటర్ నడ్వది. పోరగాండ్లు దానికే పూజ చేస్తరు, గ్యాస్ సిలిండర్లకు పూలదండలు గూడ తెచ్చిండ్రు. రేపు మొత్తం బంద్.”

ఇంజనును కోసే గ్యాస్ కటర్‌కు దండ, కుంకుమ, కొబ్బరికాయ. ఆ పూజ పుణ్యమా అని నాకు ఒక్క రోజు దొరికింది. దసరా మంచి రోజట, ఏ పని మొదలుపెట్టినా కలిసొస్తుందట. నాన్న ఇంజనును ముక్కలు చేయడానికి విఠల్ పంచాంగం చూశాడు.

వాన ఆగింది. రేపు ఎండ వస్తుంది.

రేపు నవమి. ఇప్పుడే గుర్తొచ్చింది, నా పెన్సిళ్ళు పూజలో ఉంటాయి.

అక్టోబరు 1, బుధవారం

తెల్లవారి దేవుడి గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. పీట మీద కత్తిపీట, కొడుకు స్కూటర్ తాళం, శోభ కుట్టుమిషను కత్తెర, నా పెన్సిళ్ళ డబ్బా. అన్నిటికీ పసుపు, కుంకుమ. బంతిపూలు. పూజ అయిపోయింది. రేపటిదాకా ముట్టకూడదు.

శోభ నా చేతిలోని కాగితాల చుట్టను చూసింది.

“ఉమ్రికా?”

అవునన్నాను.

“అత్తమ్మ ఉన్నప్పుడు ఈ దినం ముట్టేటోళ్ళు కాదు మీరు.”

కాదు, అన్నాను. ఎందుకు పోతున్నానో చెప్పాను. ఆ బొట్ల సంగతి దానికి తెలియదు. విన్నది. తర్వాత డబ్బా మీది పువ్వు పక్కకు తీసి, దండం పెట్టి, నా చేతికిచ్చింది.

“తీస్కపోండ్రి మామయ్య. అత్తమ్మకు నేను చెప్పుకుంట.”

ఈ ఇంట్లో అందరినీ ఏదో ఒక రోజు ఈ పేజీల్లో దుమ్మెత్తి పోశాను. దాన్ని కూడా. ఈ రోజు దాని మీద రాయడానికి ఏమీ లేదు.

రైలు ఖాళీ. ఎండ. ఉమ్రి స్టేషను నుంచి ఆటో. ఆటో హ్యాండిల్‌కు కూడా దండ. గేటు తెరిచే ఉంది. షెడ్డు ముందు గ్యాస్ సిలిండర్లు వరసగా నిలబెట్టి, బొట్లు పెట్టి, అగరుబత్తులు. కుర్రవాళ్ళు పేలాలు తింటున్నారు.

లోపల — నాకు మొదట అర్థం కాలేదు. తలుపులు రెండూ బార్లా. ఇంజను మెరుస్తోంది. అది మెరవడం నా చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇదే. చక్రం నల్లగా నిగనిగ. రాడ్ వెండిలా. డీజిలు వాసన. కింద నేలంతా గుడ్డపీలికలు, ఇనుప బ్రష్షులు.

విఠల్ నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, చేతిలో కొబ్బరికాయ. ముసలివాడైపోయాడు. నాలుగేళ్ళలో దవడలు లోపలికి పోయాయి. నన్ను చూసి ముందు నవ్వబోయాడు.

“నువ్వు గీస్తున్నవని మహబూబ్ చెప్పిండు అన్నా. జ్వరమొచ్చి రాలేదని గూడ చెప్పిండు. గంత మురికిల ఏం కనబడుతది అని... మనుషుల్ని పెట్టి కడిగిపిచ్చిన. మంచిగ రావాలె గదా బొమ్మ.”

పక్కకు తిరిగి గోడవైపు పోయాను. వాడు వెనకనే వచ్చాడు, పెద్ద శరీరం, సందులో పట్టడం లేదు, అయినా వచ్చాడు. తొడుగు మీద చేయి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. అటూ ఇటూ తడిమాను.

“గక్కడ మస్తు గట్టిగుండె. గీకిపిచ్చిన,” అన్నాడు వెనకనుంచి. మెప్పు కోసం ఎదురుచూసే గొంతు.

అప్పుడు నేనన్నాను. “నీ చెయ్యి పడ్డ చోట ఏదీ మిగలదురా.”

వాడు నా చేయి ఎక్కడుందో చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఇన్నేండ్లు దీన్ని మిగిల్చింది నేనే అన్నా. అమ్ముమని ఇంట్ల అందరన్నరు. నా బిడ్డ పెండ్లికి గూడ అమ్మలే.”

కొబ్బరికాయ నా చేతిలో పెట్టబోయాడు. పెద్దవాడు కొట్టాలని. తీసుకోలేదు. స్టూలు మీద కూర్చున్నాను. పెన్సిళ్ళ డబ్బా తెరవలేదు. డబ్బా మూత మీద పసుపు వేలిముద్ర, శోభది.

వాడే కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు.

అక్టోబరు 2, గురువారం. దసరా

శోభ తన ఫోన్లో, కొడుకు ఫోన్లో, చుట్టాల ఫోన్లలో పాత ఫోటోలన్నీ వెతికించింది. ఉమ్రిలో తీసుకున్నవి చాలానే ఉన్నాయి. అన్నిట్లోనూ ఇంజను ముందు నిలబడ్డ మనుషులు. ఒకదాంట్లో సులోచన. నవ్వుతోంది, చేతిలో హారతి పళ్ళెం. గోడవైపు ఎవరూ తీయలేదు. తీయడానికి అక్కడ ఏముందని?

ప్రొఫెసరూ, నీ ఫోను.

బల్ల మీద బొమ్మ. అన్నీ ఉన్నాయి. గోడవైపు సిలిండరు అంచున అరచేయంత చోటు తెల్లగా. తెలియనివాడు చూస్తే దాన్ని మెరుపు అనుకుంటాడు. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ మెరిసే చోటు అదే అనుకుంటాడు.

జ్ఞాపకం నుంచి గీయవచ్చు. ఐదు బొట్లు ఎక్కడెక్కడో నాకు తెలుసు. తెలుసా? చివరిది ఎటు జారింది — కుడికా, ఎడమకా? కళ్ళు మూసుకుంటే రెండు వైపులా జారుతోంది.

సాయంత్రం

విఠల్ వచ్చాడు. ఉమ్రి నుంచి టెంపోలో. పైకి రాలేదు. నేను కిందికి పోలేదు. మెట్ల మీద నుంచి గొంతులు వినిపించాయి. దసరా నాడు తమ్ముడు జమ్మి ఆకు బంగారమని అన్న చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతాడు. వాడు ఆకులు శోభ చేతిలో పెట్టాడట.

“పైకి రాండ్రి కాకా,” అన్నది శోభ.

“వద్దు బిడ్డా. అన్న పిలిస్తే వస్త.” కొంచెం ఆగి, “మహబూబ్‌తోని చెప్పి, మొట్టమొదలు ఆ రేకే కోపిచ్చిన. అన్న చెయ్యి పెట్టిన కాడిది. గోనెపట్టల సుట్టి కింద పెట్టిన. ఇంక దేన్నీ కడగలే అని చెప్పు.”

టెంపో పోయిన చప్పుడు.

ఆకులు బల్ల మీద, బొమ్మ పక్కన. వాడిపోతున్నాయి.

అక్టోబరు 3, శుక్రవారం

రేకు నిన్నటి నుంచి ఇంటి కింది దుకాణం మెట్ల కింద ఉంది. పోలేదు.

అక్టోబరు 4, శనివారం

పోలేదు. ఉమ్రిలో చక్రం కోస్తున్నారట. మహబూబ్ ఫోన్ చేసి చెప్పాడు, వద్దన్నా వినకుండా. చక్రం కొయ్యడానికి దినమంతా పడుతున్నదని మెచ్చుకుంటున్నాడు. అప్పట్ల ఇనుము గట్ల ఉండె చాచా, అంటాడు.

అక్టోబరు 6, సోమవారం

ఈ రోజు దిగాను. శోభ గోనెపట్టా విప్పింది. ఇద్దరం రేకును వీధి గోడకు ఆనించాం. వంపు తిరిగిన రేకు, అంచులు కోతకు నల్లబడి మెలికలు. మధ్యలో నున్నగా, ఖాళీగా.

ఎండ ఏటవాలుగా పడే దాకా కూర్చున్నాను. దుకాణంలో సగం అద్దెకు తీసుకుని మొబైలు కవర్లు అమ్మే కుర్రాడు టీ పంపాడు. తాగలేదు.

ఎండ పక్కనుంచి తగిలినప్పుడు — ఉన్నట్టుంది. మధ్యకు కొంచెం ఎడమగా, లోహం రంగు తేడా. చుట్టూ బూడిద, అక్కడ కొద్దిగా పచ్చదనం. పెచ్చు కింద దాగి, ఇన్నేళ్ళు నూనె తగలని మొదటి రంగు కావచ్చు. గుండ్రంగా, ఒకదానిలో ఒకటి కలిసి. ఒకటి కిందికి జారినట్టు. కుడి కన్ను మూసి చూస్తే మాయం. ఎడమ కన్ను మూసి చూస్తే ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. తల కదిపితే అదీ కదులుతోంది.

శోభను పిలిచాను. ఇక్కడేమైనా కనిపిస్తోందా, అని మాత్రమే అడిగాను. ఎక్కడో చూపించలేదు, ఎట్లా ఉంటుందో చెప్పలేదు.

అది కూర్చుని, రేకు దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూసింది. నా ముఖం వైపు కూడా చూసింది.

“కనబడుతున్నయి మామయ్య. ఐదు.”

ఐదని నవమి నాడు దానికి చెప్పింది నేనే.

మంచిది అది. నా కోసం అబద్ధం చెప్పగలదు. కొడుకు కూడా చెబుతాడు, తొందరగా పైకి పోవడానికి. మహబూబ్‌ను అడిగితే పది ఉన్నాయంటాడు. నా బొమ్మలు చూసినవాళ్ళంతా ఫోటో లెక్కనే ఉంది అన్నవాళ్ళే. ఒక్కడు మాత్రం ఆ ముద్ఖేడ్ రైలింజను బొమ్మ ముందు నిలబడి, “గిది నిలబడ్డది అన్నా, నడుస్తలేదు” అన్నాడు. పదిమంది ముందు నూనె పోసినవా అని అడిగినవాడూ వాడే. నన్ను సంతోషపెట్టడానికి వాడు జీవితంలో ఒక్క మాట అనలేదు. కళ్ళు కూడా నాకన్నా మంచివి.

ఉంటే ఉందంటాడు. లేకపోతే లేదంటాడు.

రేకును పైకి చేర్పించాను. కిటికీ పక్కన, రేపు సాయంత్రం ఎండ పడే చోట. పెన్సిళ్ళు చెక్కి పెట్టాను, ఫోర్ హెచ్, టూ బీ. బొమ్మలో తెల్లచోటు అట్లాగే ఉంది. జమ్మి ఆకులు ఎండి ముడుచుకున్నాయి. పారేయబోయి, మళ్ళీ పెట్టాను.

శోభ ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. అద్దం మీద విఠల్ పేరు. నొక్కితే చాలు.

దీపం ఆరినట్టు అద్దం నల్లబడింది. వేలితో ముట్టుకున్నాను, పేరు మళ్ళీ వచ్చింది.